మెరుగు పెట్టిన గడియారం

అనగనగా ఒక రేవు. పేరు వెలుగురేవు. ఆ రేవుకొక రాజు, రాజుకొక కోట, కోట నిండా కొలువు. అవన్నీ ఉన్నాయి గాని ఈ కథ వాళ్ళది కాదు. రేవు వీధిలో మోకులూ తెరచాపలూ అమ్ముకునే గవరయ్య సెట్టిది.

గవరయ్య మంచివాడే. కొలతలో మోసం లేదు, మాటలో పొల్లు లేదు. లేనిదల్లా కుదురు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే తిరుగుతాడు. అన్నం ముందు కూర్చుని అంగడిని తలుచుకుంటాడు, అంగడిలో కూర్చుని ఓడలను తలుచుకుంటాడు. "మీ పీట కింద నిప్పులేమైనా పోశానా?" అని భార్య నరసమ్మ అడుగుతూ ఉండేది.

ఇంత కుదురులేని మనిషికి దేవుడు ఒక పిచ్చి కూడా తగిలించాడు. పాత గడియారాల పిచ్చి.

ఆ రోజుల్లో గడియారాలు ఓడల మీద వచ్చేవి. అరచేతిలో ఇమిడే జేబు గడియారాలు. పైన వెండి మూత, మూత కింద అద్దం, అద్దం కింద అంకెల పలక. రోజుకోసారి చిన్న తాళంచెవి పెట్టి తిప్పితే టిక్కుటిక్కుమని నడిచేవి. వేళ సరిచేయాలంటే అద్దం తెరిచి ముల్లును వేలితో జరపాలి. కొత్తవి కొనేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. మన గవరయ్యకు మాత్రం పాతవే కావాలి. తాతలు చూసిన వేళను తానూ చూస్తున్నట్టు ఉంటుందట. వింటే నవ్వు వస్తుంది గాని, పిచ్చి ఉన్నవాడికే ఆ రుచి తెలుస్తుంది.

కోటలో గడియారాల మహలు అని ఒకటి ఉంది. రాజవంశం వాళ్ళు తరతరాలుగా కూడబెట్టిన గడియారాలన్నీ అక్కడే. ఆ మహలు అధికారి కాలం చేసి ఏడాదైంది. కుర్చీ ఖాళీగా ఉంది. గవరయ్యకు ఆ కుర్చీ మీదే ప్రాణం.

"ఆ ఒక్క కుర్చీ దొరికితే చాలు. జన్మలో మళ్ళీ లేవను" అనేవాడు నరసమ్మతో.

"ముందు ఈ ముద్ద తినేదాకా కూర్చోండి" అనేది ఆవిడ.

ఒకనాడు ఒక ఓడ సరంగు గవరయ్య అంగడికి వచ్చాడు. తెరచాప గుడ్డ కావాలన్నాడు. బదులుగా ఒక గడియారం చూపించాడు. అరవై ఏళ్ళ నాటిదన్నాడు. మూత తీస్తే పలక పాలనురుగులా తెల్లగా ఉంది. అంకెలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. గవరయ్య గుడ్డ కొలిచి ఇచ్చేశాడు. గడియారం పట్టుకుని రేవు సందులోని ఖాసింబీ దగ్గరికి పరుగెత్తాడు.

ఖాసింబీని ఊరంతా బూబమ్మ అంటారు. ఆమె మొగుడు గడియారాలు బాగుచేసేవాడు. ఆయన పోయాక ఆ పనిముట్లు ఆమె చేతికి వచ్చాయి. ఎడమ కంటికి భూతద్దం బిగించి చూసిందంటే, గడియారం తన పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేయాల్సిందే.

"సెట్టిగారూ, అరవై ఏళ్ళ ముసలాయనకు పాలపళ్ళు ఉంటాయా?" అంది ఆమె.

"అదేం మాట బూబమ్మా?"

"లోపల మర చూస్తే తాతగారే. మొహం చూస్తే మొన్న పుట్టింది. ఎవరో పాత పలక గీకేసి, తెల్లరంగు పూసి, అంకెలు కొత్తగా రాశారు. ఇలా వంచి చూడండి. పన్నెండు కింద పాత పన్నెండు నీడ కనబడుతోంది."

గవరయ్య చూశాడు. కనబడింది. ఒకసారి కనబడ్డాక ఇక అదే కనబడుతోంది. ఆ రోజంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాడు.

రెండో గడియారం పక్క రేవు నుంచి వచ్చింది. ఈసారి గవరయ్య పలకను వంచి, తిప్పి, ఎండలో పెట్టి చూశాడు. నీడలు లేవు. మూత అద్దంలా మెరుస్తోంది. రెండు చుట్లు కొబ్బరి మోకు ఇచ్చి తీసుకున్నాడు.

బూబమ్మ మూత మీద వేలు రాసింది. "ఇక్కడ ఒకప్పుడు లతలు చెక్కి ఉండేవి సెట్టిగారూ. మెరుపు కోసం తోమి తోమి అరగదీశారు. అంచులు చూడండి, ఎలా మొద్దుబారాయో. అరిగిపోయిన మూత టక్కుమని పడదు" అంది. మూత వేసి చూశారు. పడలేదు.

మూడోదానికి గవరయ్య మొహం చూశాడు, అంచులు చూశాడు, మూత టక్కుమంటే చెవిపెట్టి విన్నాడు. ఇక నన్నెవడు మోసం చేస్తాడు అనుకుని ఒక తెరచాపనే ఇచ్చేశాడు. బూబమ్మ దాన్ని విప్పి, మరను ఒకచోట, పలకను ఒకచోట పెట్టింది.

"తల ఒకరిది, మొండెం ఒకరిది. పలక వెనకాల ఈ రెండు కాళ్ళూ మర మీది చిల్లుల్లో కూర్చోవాలి. కూర్చోక, పక్కన కొత్త చిల్లులు పొడిచారు. రెండు చచ్చిన గడియారాలు కలిపి ఒక బతికినదాన్ని చేశారు" అంది.

ఈ పనులన్నీ చేసేది ఆ ఊరివాడే. పేరు పాపయ్య. ఊళ్ళో మెరుగు పాపయ్య అంటారు. గవరయ్య కోపంగా అతని గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. పాపయ్య కుంచె పక్కన పెట్టి, తాపీగా ఇలా అన్నాడు.

"మెరుగు పెట్టమన్నారు, పెట్టాను. ఆ సంగతి చెప్పకుండా అమ్మితే అది అమ్మినవాడి పాపం. చూడకుండా కొంటే కొన్నవాడి ఖర్మం. నా చేతిలో ఉన్నది పనితనం. దాన్ని తిట్టకండి సెట్టిగారూ."

గవరయ్య గుమ్మం దిగాడు. మెరుగు పెట్టిన గడియారం జన్మలో ముట్టుకోనని ఒట్టు పెట్టుకుని ఇంటికి వచ్చాడు.

కొన్నాళ్ళకు ఎర్రన్న అనే చేపలు పట్టే పల్లెకారు లంగరు మోకు కోసం వచ్చాడు. పంచె కొంగు ముడిలోంచి ఒక గడియారం తీశాడు.

"మా తాత కాడ్నుంచీ ఇంట్లో ఉంది బాబూ. ఎలాగొచ్చిందో నాకు తెల్దు. పిల్లలు చెవికాడ ఎట్టుకుని ఆడుకుంటన్నారు. మోకు ఇస్తే ఇది మీరు ఉంచీసుకోండి" అన్నాడు.

చూడ్డానికి ఏమంత బాగాలేదు. మూత మీద తామరమొగ్గ చెక్కి ఉంది గాని వెండి నల్లబడింది. పలక పాతబడి ఎండుటాకు రంగుకు తిరిగింది. అది చాలదన్నట్టు, నాలుగు అంకె దగ్గర పెద్ద మచ్చ. బొటనవేలంత ఉంది, ముదురు గోధుమ రంగులో.

బూబమ్మ ఆ గడియారాన్ని చాలాసేపు చూసింది. భూతద్దం తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. గవరయ్య అప్పటికి నాలుగుసార్లు లేచి నాలుగుసార్లు కూర్చున్నాడు.

"దీన్ని ఎవరూ ముట్టుకోలేదు సెట్టిగారూ" అంది చివరికి. "అంచులు వాడిగా ఉన్నాయి. పలకా మరా ఒక కడుపున పుట్టినవే. ఎలా పుట్టిందో అలాగే ముసలిదైంది."

"మరి ఆ మచ్చ?"

"తుప్పు కాదు, తడి కాదు. అందులో సన్నటి గీతలు ఉన్నాయి. ఎవరిదో వేలు. ఎవరిదంటే నాకేం తెలుసు? ఒక్క మాట మాత్రం చెబుతాను, వినండి. దీని మొహం మీద చెయ్యి వేయకండి. గుడ్డ పెట్టి కూడా తుడవకండి."

గవరయ్య తల ఊపాడు. ఆ క్షణాన అతనికి నిజంగానే ఆ ఉద్దేశం లేదు.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ఆ రేవులో ఒక పద్ధతి ఉంది. ఎవరి పనిముట్లు వాళ్ళు తోమి, మెరిపించి, బొట్టు పెట్టి, చాప మీద వరసగా పేరుస్తారు. వడ్రంగి బాడిసె మెరవాలి, కోమటి త్రాసు మెరవాలి, ఇంట్లో కత్తిపీట కూడా మెరవాలి. మెరవని వస్తువు పూజకు పనికిరాదని వాళ్ళ నమ్మకం. ఆ వారమంతా ఊళ్ళో చింతపండూ ముగ్గుపిండీ దొరికేవి కావు.

గవరయ్య కూడా తన గడియారాలను చాప మీద పేర్చి చూసుకున్నాడు. మోసపోయి కొన్న ఆ మూడూ సిగ్గులేకుండా మెరుస్తున్నాయి. వాటి పక్కన ఈ తామరమొగ్గ గడియారం మాసిన మొహంతో కూర్చుంది. అప్పుడే కోట నుంచి కబురు వచ్చింది. మహలు కుర్చీకి తగినవాడెవరో చూడడానికి, ఆయుధపూజ నాడు దివానుగారు స్వయంగా గవరయ్య ఇంటికి వస్తారట.

ఇక చూడండి అతని అవస్థ. గడియారాన్ని వరస మధ్యలో పెట్టాడు. బాగాలేదు. చివర పెట్టాడు. ఇంకా బాగాలేదు. పెట్టెలో దాచాడు. ఉన్నవాటిలో నిజమైనది అదొక్కటే గదా, దాచితే ఎలా? మళ్ళీ తీశాడు. మూత తెరిచినప్పుడల్లా ఆ మచ్చ తననే చూస్తున్నట్టు ఉంది. దివానుగారు ముక్కు చిట్లిస్తే? మాసిన గడియారాన్నే శుభ్రం చేయలేనివాడు మహలునేం చూసుకుంటాడు అంటే?

"మచ్చ ఒక్కటే తీయిస్తాను. మిగతాది ముట్టుకోనివ్వను" అని తనకు తానే చెప్పుకున్నాడు.

పాపయ్య గడియారం చూసి తల ఎత్తాడు. "బూబమ్మ చూసిందా దీన్ని?"

"ఆమెకేం, చూసింది" అన్నాడు గవరయ్య. ఆమె చెప్పిన మాట మాత్రం మింగేశాడు.

"మచ్చ ఒక్కటీ తీస్తే అక్కడ గుంట కనబడుతుంది సెట్టిగారూ. గీకితే పలకంతా గీకాలి. పూస్తే పలకంతా పూయాలి."

గవరయ్య గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చాడు. "కానివ్వు" అన్నాడు.

మూడు రోజులకు గడియారం వచ్చింది. పలక మల్లెపువ్వు. అంకెలు నల్లద్రాక్ష. గవరయ్య ఒక్క క్షణం మురిసిపోయాడు. ఆ వెంటనే దాన్ని చాప దగ్గరికి తెచ్చాడు. వరసలో పెడితే, నాలుగింట్లో నిజమైనది ఏదో ఒక్కసారి తనకే తెలియలేదు.

దివానుగారు వచ్చారు. చాప ముందు నిలబడి "బాగున్నాయి, బాగున్నాయి" అన్నారు. ఆ మాట గడియారాల గురించి అన్నారో, చేతిలో ఉన్న గారెల గురించి అన్నారో నాకు ఇప్పటికీ సందేహమే. ఇంకో రెండు గారెలు తిని వెళ్ళిపోయారు. తామరమొగ్గ గడియారాన్ని ఆయన చేతిలోకి కూడా తీసుకోలేదు.

పండగ వెళ్ళాక గవరయ్య భయపడుతూ భయపడుతూ దాన్ని బూబమ్మకు చూపించాడు. ఆమె మూత తీసి, మూసి, తిరిగి ఇచ్చేసింది.

"ఇక దీన్ని నా దగ్గరికి తేవద్దు సెట్టిగారూ. నాకు చెప్పడానికి ఇందులో ఏమీ మిగల్లేదు" అంది. తిట్టినా బాగుండునని గవరయ్య అనుకున్నాడు.

నెల తిరక్కుండా ఊళ్ళో దండోరా మోగింది.

"వినండహో! మహారాజుగారి తల్లి పెద్దరాణిగారు, కాలం చేసిన పెద్ద మహారాజుగారి జేబు గడియారం కోసం వెతికిస్తున్నారు. వెనకటి వరదలో ఆ పెద్ద మహారాజుగారి ప్రాణం కాపాడిన పడవవాడికి అది బహుమానంగా వెళ్ళింది. వెండి మూత మీద తామరమొగ్గ, పలక మీద ఆరు అంకె దగ్గర గోధుమ మచ్చ, ఇవీ గుర్తులు. తెచ్చి ఇచ్చినవారికి గడియారాల మహలు అధికారం. పౌర్ణమి నాటి ఉదయం కొలువుకు తీసుకురావలెనహో!"

గవరయ్య చేతిలో ఉన్న మోకు జారి కింద పడింది. పడవవాడంటే ఎర్రన్న తాతే. తామరమొగ్గ, గోధుమ మచ్చ. అన్నీ కలిశాయి. జన్మంతా కోరుకున్న కుర్చీ తన పెట్టెలోనే ఉండగా, తన చేతులతో తనే దాన్ని గీకించుకున్నాడు.

కాని ఆరు దగ్గర అన్నారేమిటి? మచ్చ నాలుగు దగ్గర కదా ఉండేది? గవరయ్య కళ్ళు మూసుకుని తలుచుకున్నాడు. నాలుగు దగ్గరే. లేక ఆరు దగ్గరా? మూసిన కళ్ళ ముందు మచ్చ ఒకచోట నిలవడం లేదు. చెరిపేసినదాన్ని ఎక్కడని వెతుకుతాడు?

ఆ సాయంత్రం పాపయ్యే వెతుక్కుంటూ వచ్చాడు.

"ఇంత దిగులెందుకు సెట్టిగారూ? మచ్చ తీసినవాడికి పెట్టడం రాదా? తాంబూలంలో వేసే కాచు, కాస్త బెల్లప్పాకం, కుంచె కొన. పొద్దుట్నుంచి తొమ్మండుగురికి పెట్టాను. మూతల మీద తామరమొగ్గలు కూడా చెక్కించుకొచ్చారు. మీది ఎలాగూ అసలుది. ఆరు దగ్గర ఒక్క చుక్క పెట్టనా?"

"అది నాలుగు దగ్గర ఉండేది పాపయ్యా."

"చాటింపులో ఆరన్నారు. సొంత గడియారం సంగతి పెద్దరాణిగారికన్నా మీకెక్కువ తెలుసా?"

ఆ మాట గవరయ్యను పట్టుకుని వదల్లేదు. నిజమే, రాణిగారే అన్నాక తనెవరు? పాపయ్యను రేపు రమ్మన్నాడు. మర్నాడు వస్తే ఎల్లుండి రమ్మన్నాడు. మూడోరోజు పాపయ్య కాచు కలుపుకుని గిన్నెతో సహా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. గవరయ్య గడియారం చేతికివ్వడు, ఇవ్వననీ చెప్పడు. లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు.

నరసమ్మ వంటింటి గడప దగ్గర అడ్డంగా నిలబడింది.

"ఒక్కసారి ఆగండి. మచ్చ ఎక్కడ ఉండేది?"

"నాలుగు దగ్గర."

"మీకు తెలుసా, అనుకుంటున్నారా?"

గవరయ్య ఆగాడు. బూబమ్మ భూతద్దం పెట్టి చూస్తున్నప్పుడు తను లేస్తూ కూర్చుంటూ గడిపిన ఆ గడియలు గుర్తొచ్చాయి. ఆమె వేలు పలకకు కుడివైపున, కాస్త కిందుగా నిలబడింది. ఆరు నిట్టనిలువుగా కింద ఉంటుంది. "తెలుసు" అన్నాడు.

"మరి ఆరు దగ్గర పెట్టించుకుని వెళ్ళి, ఆ కుర్చీ గెలుస్తారే అనుకోండి. అందులో కూర్చోగలరా? తప్పేమీ లేనప్పుడే మీరు పీట మీద నిలవరు. తప్పు పెట్టుకుని కుర్చీలో నిలుస్తారా?"

గవరయ్య అరుగు మీదికి వచ్చాడు. "నీ కాచు నువ్వు పట్టుకుపో పాపయ్యా" అన్నాడు.

"మచ్చ లేకుండా వెళితే నవ్వుతారు సెట్టిగారూ. కుర్చీ మాట మరిచిపోండి."

"మరిచిపోతాను. ఆవిడ గడియారం ఆవిడకు చేరాలి కదా" అన్నాడు గవరయ్య. ఆ మాట అన్నాక అతనికి ఏడుపు వచ్చింది. కుర్చీ పోయిందని కాదు. ఎవరో ముసలావిడ ఒక మచ్చ కోసం ఊరూరా దండోరా వేయిస్తుంటే, దాన్ని తను గారెలు తినేవాడి మెప్పు కోసం గీకించాడు.

పౌర్ణమి ఉదయం కొలువు నిండిపోయింది. పెద్దరాణిగారు తెల్లచీర కట్టుకుని ఎత్తుపీట మీద కూర్చున్నారు. పక్కన కొడుకు మహారాజు. ఎదురుగా గడియారాలు పట్టుకున్నవాళ్ళ బారు. గవరయ్య అందరికన్నా వెనక నిలబడ్డాడు.

మొదట ముత్యాల వర్తకుడు వచ్చాడు. రాణిగారు మూత తీసి చూశారు. "ఆరు దగ్గర మచ్చ. సరే, పక్కన కూర్చో" అన్నారు. తరువాత కోట ఉద్యోగి ఒకడు వచ్చాడు. అతని దగ్గరా ఆరు దగ్గరే మచ్చ. "సరే, కూర్చో" అన్నారు. మూడోవాడు పడవవాడి మనవణ్ణని చెప్పుకుంటూ, మాటకొకసారి కన్నీళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. ఆ ఏడుపులోనే అద్దం తెరిచి చూపించేసరికి మచ్చకు తడి తగిలి, కాచు కాస్త కారింది కూడా. "నువ్వూ కూర్చో" అన్నారు రాణిగారు. అలా తొమ్మండుగురూ కూర్చున్నారు. తానే గెలిచానని తొమ్మండుగురికీ ధీమా.

చివరికి గవరయ్య ముందుకు వచ్చాడు. రాణిగారు మూత తీశారు. తెల్లటి పలక. కొలువులో నవ్వులు వినిపించాయి.

"ఇందులో మచ్చ లేదే సెట్టీ" అన్నారు ఆవిడ.

"ఉండేదమ్మా. నేనే గీకించాను." గవరయ్య అక్కడితో ఆగలేదు. "తుడవొద్దని తెలిసినవాళ్ళు చెప్పారు. వినలేదు. దివానుగారు వస్తున్నారని, పూజలో మెరవాలని మెరుగు పెట్టించాను. ఇంకో మాట కూడా చెప్పాలి. చాటింపులో ఆరు దగ్గర అన్నారు. దీని మచ్చ నాలుగు దగ్గర ఉండేది. బొటనవేలు అద్దినట్టు, సన్నటి గీతలతో. కాబట్టి ఇది మీరు వెతికేది కాదేమో. అయినా మిగతా గుర్తులు కలిశాయి, చెప్పకుండా ఉండలేకపోయాను. ఏ శిక్షయినా వేయండి."

రాణిగారు గడియారాన్ని గుప్పిట్లోకి తీసుకున్నారు. తల ఎత్తి, కూర్చున్న తొమ్మండుగురినీ చూశారు.

"ఆరు దగ్గర అని చాటించమన్నది నేనే" అన్నారు. "అసలు గుర్తు చాటిస్తే ఊళ్ళోని రంగులవాళ్ళకు పండగ చేసినట్టే కదా. నా గడియారానికి ఆరు దగ్గర ఎన్నడూ మచ్చ లేదు. మీరు నాయనా, ఒక తడిగుడ్డ తీసుకుని ఎవరి మచ్చ వాళ్ళు తుడుచుకుని వెళ్ళండి."

తొమ్మండుగురూ తలలు వంచుకుని వెళ్ళారు. దివానుగారు ఎందుకో కప్పు వంక చూస్తూ ఉండిపోయారు.

అప్పుడు ఆవిడ గవరయ్యతో మాట్లాడారు. గొంతు మెత్తబడింది.

"పెళ్ళిపీటల మీద ఉన్నాం సెట్టీ. పురోహితుడి లెక్క ఒకటి, మా ఆయన గడియారం చూపించే వేళ ఒకటి. ఆయన ఊరుకునే మనిషి కాదు. పసుపు చేత్తోనే అద్దం తెరిచి, ముల్లును నాలుగు దగ్గరికి జరిపారు. బొటనవేలు పలకకు తగిలింది. తుడవబోతుంటే నేనే వద్దన్నాను. ఆయనతో నేనన్న మొదటి మాట అదే. తరువాత వరదలో దాన్ని పడవవాడికి ఇచ్చి వచ్చి, 'ప్రాణం దక్కింది, గడియారం పోయింది' అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన పోయాక తెలిసింది, ఆయన వేలు ఒకటి ఈ లోకంలో ఎక్కడో ఉండిపోయిందని. దాన్ని ఒక్కసారి తాకాలనుకున్నాను."

గవరయ్య నేల మీద కూలబడ్డాడు. శిక్ష వేయమన్నాడు గాని, ఇంత పెద్దది పడుతుందనుకోలేదు.

మహారాజు తల్లి వైపు వంగాడు. "అమ్మా, దేశంలోకల్లా మంచి చిత్రకారుణ్ణి పిలిపిస్తాను. నాలుగు దగ్గర అదే రంగుతో, అదే గీతలతో వేయిస్తాను."

"వద్దు నాయనా. అది ఆయన వేలు. వేలే పోయాక దాని బొమ్మ నాకెందుకు?"

ఆవిడ లేచి గవరయ్య దగ్గరికి వచ్చారు. "లే సెట్టీ. మహలు నీది."

"నాకు అర్హత లేదమ్మా. మీ గడియారాన్ని చెడగొట్టినవాణ్ణి."

"చెడగొట్టావు. నాకు కోపం లేదని చెప్పను, ఉంది. కాని ఇందాక తొమ్మండుగురు నాకు కావలసిన మాట తెచ్చారు. నువ్వొక్కడివే జరిగిన మాట తెచ్చావు. నా మహల్లో ఏ గడియారం అసలుదో, దేనికి రంగు పడిందో నాకు దాచకుండా చెప్పేవాడు కావాలి. నీకన్నా ఎవరు చెబుతారు?"

గవరయ్య చేతులు జోడించాడు. "అయితే రేవు సందులో ఖాసింబీ అని ఒకామె ఉంది తల్లీ. ఆమెనూ పిలిపించండి. నాకన్నా ముందు ఆ వేలును గుర్తుపట్టింది ఆమె. నేనే చెవిన పెట్టలేదు."

అలా గవరయ్యకు కుర్చీ దొరికింది, బూబమ్మకు కిటికీ దగ్గర వెలుగున్న చోటు దొరికింది. ఇద్దరూ కలిసి మహల్లోని గడియారాలన్నీ విప్పి చూశారు. మెరుగు పడినదానికి మెరుగు పడిందని చీటీ రాసి కట్టారు. మెరుగు పడనిదాన్ని గుడ్డతో కూడా తుడవనివ్వలేదు.

ప్రతి శుక్రవారం పెద్దరాణిగారు మహలుకు వచ్చేవారు. తామరమొగ్గ మూత తీసి, అద్దం తెరిచి, నాలుగు దగ్గర తన బొటనవేలు ఆనించి కాసేపు కూర్చునేవారు. ఆ కాసేపూ గవరయ్య ఎక్కడివాడక్కడ కదలకుండా నిలబడేవాడు. జన్మంతా రాని కుదురు అతనికి అలా వచ్చింది. ఊరికే మాత్రం రాలేదు.

అందుకే పిల్లలూ, కాలం పెట్టిన మచ్చను తుడవకూడదు, మనం చేసిన తప్పుకు రంగు పూయకూడదు.